లక్ష్మణమ్మ చందాలో రెండో మనిషి

నడిమిరేవులో లక్ష్మణమ్మను మోసం చేసినవాడు ఇంకా పుట్టలేదని అంటారు. అంటారంటే, ఎక్కువగా లక్ష్మణమ్మే అంటుంది. ఎండుచేపల గంప ఆటో ఎక్కించిందంటే దిగేదాకా దాని మీంచి చెయ్యి తీయదు. కోటబొమ్మాళి సంతలో ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ముందు గంపకేసి చూసుకుని, ఆ తరవాత నవ్వుతుంది. యాభై ఆరేళ్లొచ్చాయి, ఇంతవరకూ ఇంటి తాళంచెవి ఇంకొకరి చేతిలో పెట్టిన పాపాన పోలేదు. అలాంటి మనిషికి దొంగ ఎక్కడ పడ్డాడయ్యా అంటే, నడుముకు కట్టుకున్న సంచిలోని ఫోనులో పడ్డాడు.

సంగతి బయటపడింది ఒక గురువారం మధ్యాహ్నం, సముద్రం ఒడ్డున వలలు ఆరేసే పాకలో. గురువారమంటే ఆ పాక కింద ఆడవాళ్లు పది పన్నెండు మంది చేరతారు. చేతులు మెత్తళ్ల చేపలు ఏరుతుంటాయి, చెవులు మాత్రం లక్ష్మణమ్మవి. ఆమె మధ్యలో బోర్లించిన గంప మీద కూర్చుని, "తూరుపుగాలి" వారపత్రికలో వచ్చే "పగడాల పెట్టె" సీరియల్ చదివి వినిపిస్తుంది. ఆరోజు కథ మంచి పట్టులో ఉంది. మందాకిని అనే కోడలు మందు సీసా పట్టుకుని మామగారి గది గుమ్మం దాకా వచ్చింది. లోపల ఎవరో ఉన్నారు. సరిగ్గా అక్కడ లక్ష్మణమ్మ చదవడం ఆపింది. అలా ఆపడం ఆమెకు అలవాటు. ఆపి, మంచినీళ్లు అడిగి, నిదానంగా తాగుతూ అందరి మొహాలూ చూస్తుంది. ఆ మొహాల్లో ఆత్రం చూస్తే ఆమెకు కడుపు నిండిపోతుంది.

ఆరోజు ఏ మొహంలోనూ ఆత్రం లేదు. కూర్మమ్మ తలైనా ఎత్తకుండా మెత్తళ్లు ఏరుకుంటూ అనేసింది.

"లోపలున్నాది ఆడపడుచే కాదేటి! అది సరే గానీ, అత్తగారు పెట్టి కోసం ఏడిసిన ముక్క సదవనేదేటి లచ్చనప్పా?"

పక్కనున్న గున్నమ్మ కూర్మమ్మ తొడ మీద గట్టిగా గిల్లింది. ఆ గిల్లడం లక్ష్మణమ్మ కంటపడింది.

అత్తగారు ఏడ్చిన ముక్క నిజంగానే ఉంది. రెండు పేరాలుంది. ఏడుపులు ఎక్కువైతే వినేవాళ్లకు విసుగని లక్ష్మణమ్మే దాన్ని దాటేసింది. ఇలాంటివి ఆమె చాలా దాటేసేది. ముప్పై ఏళ్లుగా ఎవరికీ తెలియలేదు. ఆ పాకలో చదవడం వచ్చినవాళ్లు లేకపోలేదు, కానీ ఎవరి దగ్గరా పుస్తకం ఉండదు కదా, ఎలా తెలుస్తుంది?

"నీకెవులు సెప్పినారే?" అంది లక్ష్మణమ్మ.

"ఎవులు సెప్తారప్పా? ఏదో నోటికొచ్చింది, అనీసినాను" అంది కూర్మమ్మ. అందరూ ఒక్కసారిగా చేపల మీదకి వంగిపోయారు.

నోటికొచ్చిందట! ఇంకా చదవని కథలో ఆడపడుచు నోటికొచ్చిందట, దాటేసిన అత్తగారి ఏడుపూ నోటికొచ్చిందట. లక్ష్మణమ్మ ఆరోజు మిగతా కథ గబగబా ముగించేసి, ఫోను సంచిలో పెట్టుకుని లేచిపోయింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆమె దగ్గర ఇంకేం పోయినా అంత మండేది కాదు. ఎందుకో తెలియాలంటే ఆ గంప మీద ఆ చోటు ఎలా వచ్చిందో తెలియాలి.

లక్ష్మణమ్మ బడికి వెళ్లలేదు. పెళ్లయి నడిమిరేవు వచ్చిన కొత్తలో ఊళ్లో రాత్రి బడి పెట్టారు. పలక పట్టుకోవడానికి అందరూ సిగ్గుపడుతుంటే ఆమె ఒక్కతే ముందు వరసలో కూర్చుంది. ఎందుకంటే సంతలో చీటీ మీద ఏం రాశారో ఇంకొకరు చదివి చెబితే ఆమెకు నమ్మకం లేదు. అనుమానంతో అక్షరాలు నేర్చుకున్న మనిషి జిల్లా మొత్తానికి ఆమె ఒక్కతే అయి ఉంటుంది. తరవాత ఎండుచేపల బేరంలో దిగింది. పొట్లాలు కట్టడానికి పాత వారపత్రికలు కట్టలు కట్టలు తెచ్చేది. చేపలు కడుతూ కడుతూ చేతిలోని కాగితం చదివేది. సీరియల్ పేజీ వచ్చిందంటే దాన్ని పక్కన పెట్టి, సబ్బుల ప్రకటన ఉన్న పేజీలో కవళ్ల చేపలు కట్టేది. అలా పోగేసిన పేజీలను వరస కలిపి, వల కుట్టే దారంతో కుట్టి, పాకలో ఆడవాళ్లకు చదివేది. ఆ పుస్తకాల నిండా ఎండుచేపల వాసన. ఊళ్లో ఆమెకు పేపరు లక్ష్మణమ్మ అని పేరొచ్చింది. పెళ్లిళ్లలో ముందు పిలుపు, గొడవల్లో మధ్యవర్తిత్వం, పాకలో ఎత్తయిన చోటు, అన్నీ ఆ పేరుతోనే వచ్చాయి. ఆ చోటు పోతే తను గంప మోసే ఇంకో ముసలిది, అంతే. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

మొగుడు ఎర్రన్న మాత్రం ఎప్పుడూ ఆ పాక వైపు రాలేదు. ఊరి మగవాళ్లలో సగం మందిలాగే అతనూ ఏటా శ్రావణంలో గుజరాత్ వెళతాడు, వెరావల్ రేవులో బోట్ల మీద పని. మళ్లీ ఎండాకాలానికి గానీ రాడు. ఉన్న నాలుగు నెలలూ భార్య పుస్తకం తీస్తే లేచి బయటికి పోతాడు. "నీ కతలు నువ్వు సదువుకో, నాకెందుకు" అంటాడు. అతనికి చదువంటే గిట్టదని లక్ష్మణమ్మ అనుకునేది. అతను మూడో తరగతి దాకా చదివాడు, ఆ మాట నిజమే. పెళ్లయిన రెండో ఏడు బంధువులందరితో కలిసి రైలెక్కబోతూ కోటబొమ్మాళి స్టేషన్లో గోడ మీది కాగితమేదో వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదవబోయాడు. కొత్తగా చదువొచ్చిన పొగరులో లక్ష్మణమ్మ దాన్ని ఒక్క గుక్కలో చదివేసి, "నువ్వు సదివీసరికి బండి పలాస దాటీస్తాది మావా" అంది. అందరూ పడీపడీ నవ్వారు. ఆ మాట ఊరికొచ్చి ఏడాది పాటు తిరిగింది. ఎవరు ఏ పని నెమ్మదిగా చేసినా పలాస దాటిపోయిందనేవారు. తన మాటల్లో బాగా పేలిన మాట అదేనని లక్ష్మణమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఈ ఏడు జ్యేష్ఠంలో స్టేషన్ దగ్గర పుస్తకాల కొట్టు కొండబాబు పిడుగులాంటి మాట చెప్పాడు. తూరుపుగాలి అచ్చు ఆపేశారు, ఇకమీదట ఫోనులోనే, యాప్‌లో చందా కట్టి చదువుకోవాలి అని. లక్ష్మణమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "పగడాల పెట్టె" సగంలో ఉంది మరి. మూడో రోజున ఎర్రన్న నరసన్నపేట వెళ్లి, ఉమాశంకర్ సెల్ షాపులో ఆమె నంబరు మీద ఏడాది చందా కట్టించుకొచ్చాడు.

"నువ్వు కట్టినావా?" అంది లక్ష్మణమ్మ అనుమానంగా. "నువ్వెందుకు కట్టినావు?"

"షాపులో ఆపరున్నాదంట. ఊరికే వస్తాదంటే వద్దనడమెందుకు" అన్నాడు ఎర్రన్న ఎటో చూస్తూ.

ఊరికే వచ్చేదాంట్లో ఏదో మెలిక ఉంటుందని లక్ష్మణమ్మ అప్పుడే అనుకుంది. అనుకుంది గానీ, బొమ్మ నొక్కగానే పేజీ తళతళ మెరుస్తూ వచ్చేసరికి మెత్తబడింది. వేళ్లతో లాగితే అక్షరాలు పెద్దవవుతున్నాయి. చదివిన చోట ఎర్ర రిబ్బను బొమ్మ పడుతుంది. మళ్లీ తెరిస్తే సరిగ్గా అక్కడికే తీసుకెళ్తుంది. వాసన ఒక్కటే లేదు.

ఆ రిబ్బనే ఇప్పుడామె కొంప ముంచింది.

కూర్మమ్మ నోరు జారిన రోజు సాయంత్రం లక్ష్మణమ్మ గుమ్మంలో కూర్చుని పాతవన్నీ తవ్వుకుంది. భాద్రపదంలో ఒకటి రెండుసార్లు, తను కథంతా చదివేశాక రిబ్బను వెనక్కి నడిచి రెండో పేజీలో ఉండేది. తన బొటనవేలు తగిలిందేమో అనుకుంది. కార్తీకం వచ్చాక ఆ రిబ్బను ముందుకు పరిగెత్తడం మొదలెట్టింది. గురువారం సంత నుంచి వచ్చి భోజనం వేళ కొత్త సంచిక మొదటిసారి తెరిస్తే, అది అప్పటికే సీరియల్ చివరి పేజీలో కూర్చుని ఉంటోంది. తను ఇంకా మొదలే పెట్టలేదు! తనకంటే ముందు ఎవరో తన పుస్తకం చదివేస్తున్నారు. చదివి ఊరుకోకుండా పాకలో అందరికీ చెప్పేస్తున్నారు. ఈ రెండు వారాలుగా తను వెళ్లగానే మాటలు టక్కున ఆగిపోవడం, గున్నమ్మ చెవి దగ్గరి ఫోను చటుక్కున చీరలో దాచేయడం, అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

దొంగను పట్టాలంటే ఆనవాలు పెట్టాలి. రేవులో ఎవరి వలకు వాళ్ల ముడి ఉంటుంది. లక్ష్మణమ్మ ఇంటి ముడి రెండు చుట్లూ ఒక మెలికా, దాన్ని ఇంకొకరు విప్పితే మళ్లీ అలాగే వెయ్యలేరు. మరుసటి బుధవారం పడుకోబోయే ముందు ఆమె ఫోనును గుడ్డలో చుట్టి, నీలం నైలాను తాడుతో ఇంటి ముడి వేసి, ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి మెళ్లో వేసుకుంది. గురువారం ఫోను లేకుండానే సంతకు పోయింది. మధ్యాహ్నం వచ్చి పెట్టె తెరిచింది. తాళం తాళంలాగే ఉంది. ముడి ముడిలాగే ఉంది. గుడ్డ విప్పి, యాప్ తెరిచి చూసింది.

రిబ్బను చివరి పేజీలో ఉంది.

"ఓలమ్మో!" అని ఒక్క అరుపు అరిచింది. పక్క వాటాలోంచి తోడికోడలు రాజకుమారి పరిగెత్తుకొచ్చింది. ఎర్రన్న తమ్ముడు గోవింద్ భార్య ఆమె, వయసులో చాలా చిన్నది, పదో తరగతి పాసయింది.

"ఏటైనాదప్పా? తేలేటైనా కుట్టిందేటి?"

లక్ష్మణమ్మ రాజకుమారి చేతిలోని ఫోనుకేసి చూసింది.

ఆరోజు పాకకు పోలేదు, తలనొప్పి అని చెప్పించింది. మర్నాడు పొద్దున్నే నరసన్నపేట బస్సెక్కింది. ఉమాశంకర్ షాపు తెరుస్తుంటే మెట్టు మీద కూర్చుని ఉంది. అతను రెండు చోట్ల నొక్కి చూశాడు.

"పిన్నీ, నీ చందా రెండు ఫోన్లల్లో నడుస్తన్నాది" అన్నాడు.

"రెండో ఫోను ఎవులిది?"

"పేరుండదు పిన్నీ. ఫోను కంపెనీ పేరొకటే పడతాది." ఆ కంపెనీ పేరు చదివాడు.

అది రాజకుమారి ఫోను కంపెనీయే. లక్ష్మణమ్మకు ఇంకేమీ అక్కర్లేకపోయింది. ఊళ్లో సగం మంది అదే షాపులో అదే చవకరకం ఫోను కొన్నారన్న మాట అప్పుడు ఆమె బుర్రకు తట్టలేదు. గోడ అవతలే ఉంటుంది, చదువుకుంది, తను ఫోను ఛార్జింగు పెట్టినప్పుడల్లా వస్తూ పోతూ ఉంటుంది. ఇంకెవరవుతారు?

"దాన్ని తీసీ" అంది.

ఉమాశంకర్ వేలు ఫోను మీద ఆగిపోయింది. "అలగ తీసీకూడదు పిన్నీ. ఒకపాలి ఇంట్లో అడిగి సూడు, తరవాత..."

"నా ఇంట్లో నానెవుల్ని అడగాల్రా? నా చందా, నా నంబరు. నువ్వెందుకు నాన్చుతున్నావు? నీకూ వాటా ఉన్నాదేటి ఇందులో?"

"అయ్యో, నాకేటుంటాది పిన్నీ!" ఉమాశంకర్ మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయి, మింగేసి, నొక్కాడు. రెండో ఫోను పోయింది. ఇక ఎవరైనా మళ్లీ ఎక్కించుకోవాలంటే నాలుగంకెల ఓటీపీ ఆమె ఫోనుకే వస్తుందనీ, అది ఎవరికీ చెప్పొద్దనీ అన్నాడు. చెప్పొద్దన్న మాట లక్ష్మణమ్మకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇంటికి రాగానే రాజకుమారిని గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసింది. "అడిగితే నానివ్వనా? ఎదురుగా కూకుని ఇంటావు, ఎనక నా పుస్తకం దొంగతనంగా సదివి ఊరంతా సాటించుకొస్తావు. పదో తరగతి సదివింది దీనికేనేటే?"

రాజకుమారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ పుస్తకం నాను ముట్టనేదప్పా. ఒట్టు."

"ముట్టకపోతే ఆ కత నీకెలగ తెలుసు? తెలుసా తెల్దా? అది సెప్పు ముందు."

రాజకుమారి "తెలుసు" అని మాత్రం అని, లోపలికి పోయి తలుపేసుకుంది. అదిగో, ఒప్పేసుకుంది అనుకుంది లక్ష్మణమ్మ.

ఆ సాయంత్రం ఎర్రన్న ఫోను రాలేదు. రోజూ ఆరింటికి చేస్తాడు. అన్నం తిన్నావా, గాలెలా ఉంది, మెత్తళ్లు ఎండుతున్నాయా, ఈ మూడూ అడిగి పెట్టేస్తాడు. మర్నాడూ చేయలేదు. ఆ మర్నాడు తనే చేస్తే ఎత్తలేదు. తాగుడు మొదలెట్టాడేమో అని ఇంకో అనుమానం పట్టుకుంది. ఈ ఏడు మోకాళ్లు పట్టేస్తున్నాయని యజమాని అతన్ని బోటెక్కనివ్వకుండా ఒడ్డునే వలలు బాగుచేసే పనిలో పెట్టాడు. ఒడ్డున ఉన్న మగాడికి తాగడం తప్ప పనేముంటుందని ఆమె లెక్క. ఇటు మొగుడూ మాట్లాడక, అటు గోడ అవతల తోడికోడలూ మాట్లాడక, ఆ వారమంతా ఇల్లు శ్మశానంలా అయిపోయింది.

గురువారం వచ్చింది. భోజనం వేళ యాప్ తెరిస్తే రిబ్బను మొదటి పేజీలో బుద్ధిగా కూర్చుని ఉంది. లక్ష్మణమ్మ గెలిచింది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని పాకకు పోయి గంప ఎక్కింది. చదువుతుంటే ఈసారి ఎవరికీ ఏమీ తెలియదు, మొహాలు చూస్తేనే అర్థమవుతోంది. మందాకిని సీసా మూత తీసింది. లక్ష్మణమ్మ అక్కడ ఆపి, నీళ్లు అడిగింది.

ఎవరూ లేవలేదు. ఆత్రమూ లేదు. పది మందీ మొహాలు ముడుచుకుని చేపలకేసి చూస్తున్నారు. రాజకుమారి అసలు రాలేదు.

"ఏటే మీకు? కత బాగోనేదేటి?"

"కత బాగుంది. నీ బుద్ధే బాగోనేదు" అంది కూర్మమ్మ. గున్నమ్మ మళ్లీ గిల్లబోతే చెయ్యి విదిలించి కొట్టింది. "నన్నొగ్గీయే. ఎన్నాళ్లు దాస్తాం? ఎవులికి సుఖమే ఇది? అప్పా, ఇను. అక్కడ వెరావల్ల మన మగోళ్లు వారం రోజులై సరిగా పని సేస్తనేదు. నిన్న మాయాయన పోను సేసి సెప్పినాడు. ఇకమీద కత నేదంట. సదివినోడి పోన్లో పుస్తకం పోనాదంట. ఆడు అన్నం మీదికీ రాకుండా కూకున్నాడంట."

"సదివినోడెవులే?"

కూర్మమ్మ ఆమె మొహంలోకి చూసింది. "నీకు నిజంగా తెల్దేటి? మీయాయనే కాదేటి!"

లక్ష్మణమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

తరవాత పది మందీ ఒకేసారి చెప్పారు. వెరావల్ రేవులో నడిమిరేవు మగవాళ్లు ఏడుగురు వరసగా కూర్చుని చిరిగిన వలలు కుడతారు. ఆగస్టులో ఒకరోజు ఎర్రన్న సిగ్గుపడుతూ ఫోను తీసి చదవడం మొదలెట్టాడట. మా ఇంటిది చదివే కథ, ఏముందో చూద్దామని చందా కట్టిననాడే షాపులో నా ఫోనులోనూ ఎక్కించుకున్నాను అన్నాడట. మొదట్లో ఒక్క వారం కథ చదవడానికి అతనికి వారమూ పట్టేదట. వేలు పెట్టి ఒక్కో అక్షరమే కూడబలుక్కునేవాడట. ఎవరూ నవ్వలేదట. అతని వంతు వల కూడా వాళ్లే కుట్టేసి అతన్ని చదవనిచ్చేవారట. కార్తీకం వచ్చేసరికి చెయ్యి తిరిగి, గురువారం పొద్దున్నే మొదలెట్టి భోజనం గంటలోగా పూర్తి చేసేస్తున్నాడట. భోజనాల దగ్గర మగవాళ్లు పెళ్లాలకు ఫోన్లు చేసి కథ చెప్పేస్తున్నారట. అక్కడే ఉన్న గోవింద్ కూడా రాజకుమారికి అలాగే చెప్పాడట.

"మరి నాకు సెప్పొద్దన్నారా?" అంది లక్ష్మణమ్మ.

"మీయాయనే సెప్పొద్దన్నాడు. అందరి సేతా ఒట్టేయించుకున్నాడు" అంది కూర్మమ్మ. "ఆవిడికి తెలిస్తే మళ్లీ బండి పలాస దాటీస్తాది అన్నాడంట."

లక్ష్మణమ్మ గంప మీంచి దిగింది. ఏ గంప కోసం వారం రోజులు నిద్ర లేకుండా కాపలా కాసిందో ఆ గంప మీద ఒక్క క్షణం కూడా కూర్చోలేకపోయింది. ముప్పై ఏళ్లు! ఒక్క నవ్వు నవ్వినందుకు ఆ మనిషి ముప్పై ఏళ్లు తన ఎదురుగా ఒక్క అక్షరం చదవలేదు. తను పుస్తకం తీసినప్పుడల్లా బయటికి పోయింది చదువు గిట్టక కాదు. తనకు భయపడి పోయాడు. కథలో ఎవరు ఎవరి మందు సీసా మార్చారో వారాల ముందే పసిగట్టే తనకు, ఇంట్లో మనిషి సంగతి తెలియలేదు. ఆమెకు సిగ్గేసింది, చచ్చేటంత సిగ్గేసింది.

ఇంటికెళ్లి రాజకుమారి తలుపు కొట్టింది. తీయలేదు. "తలుపు తియ్యకపోతే పోనీ, ఇను. నాను తప్పు సేసినాను. నీ మీద అబద్దం ఏసినాను. ఊరంతటి ముందు సెప్పమంటే రేపే సెప్తాను" అంది తలుపుతోనే. లోపల గిన్నె ఏదో కదిలింది, అంతే. లక్ష్మణమ్మ తన గుమ్మంలోకొచ్చి కూర్చుని ఎర్రన్నకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఐదోసారికి ఎత్తాడు.

"ఏటి?" అన్నాడు.

"అన్నం తిన్నావా మావా?"

"ఊఁ."

"గాలెలగున్నాది?"

"ఉన్నాది." అవతల బోటు ఇంజను చప్పుడు, ఎవరో హిందీలో అరుస్తున్న చప్పుడు.

"ఆ రెండో పోను నీదని నాకు తెల్దు మావా. తెలిస్తే తీయించుదునా? దొంగలెవులో పడ్డారనుకున్నాను."

కట్ చేశాడేమో అని ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూసుకుంది. చేయలేదు.

"తెలిసే తీసీసినావనుకున్నాను" అన్నాడు ఎర్రన్న. "అక్కడ అందరికీ సెప్పి నవ్వుకుంటన్నావనుకున్నాను."

లక్ష్మణమ్మ గుమ్మంలో నిటారుగా కూర్చుని, "యాపు తెరు. నా నంబరు కొట్టు. నాకు అంకెలొస్తాయి" అంది.

"ఇప్పుడెందుకులే..."

"కొట్టమన్నానా!"

కాసేపటికి ఆమె ఫోను టింగుమంది. ఓటీపీ వచ్చింది. ఎవరికీ చెప్పవద్దు అని కింద రాసి ఉంది. ఆ ముక్క చదువుకుని, ఒక్కొక్క అంకే నిదానంగా మొగుడికి చెప్పింది. పుట్టి బుద్ధెరిగాక తన తాళం ఇంకొకరి చేతిలో పెట్టడం ఆమెకు అదే మొదలు.

"వచ్చిందా?"

"వచ్చింది."

"అయితే సదువు."

"ఏటి?"

"ఈ వారం కత సదువు. నానింటాను."

"నువ్వు సదివీసినావు గదే!"

"నువ్వు సదవగా ఇన్నేదు గదా."

"బండి పలాస దాటీస్తాదే" అన్నాడు మెల్లగా.

"దాటనీ మావా. నానెక్కడికీ ఎల్తనేదు."

అవతల గొంతులు వినిపించాయి. వలల దగ్గరి మిగతా ఆరుగురూ చుట్టూ చేరుతున్నట్టున్నారు, ఒరే జరగండ్రా అంటున్నారెవరో. ఎర్రన్న గొంతు సవరించుకుని మొదలెట్టాడు. మందాకిని దగ్గర ఆగాడు. సీసా దగ్గర ఆగాడు. మూత తీసింది అన్న మాటకు రెండుసార్లు వెనక్కి వెళ్లొచ్చాడు. లక్ష్మణమ్మ ఫోను స్పీకరులో పెట్టి ఒళ్లో ఉంచుకుని, అదే ఫోనులో పేజీ తెరిచి, అతను చదివే లైను కింద వేలు జరుపుతూ కూర్చుంది. ముప్పై ఏళ్ల కింద ఆ స్టేషన్లో అతని పక్కన నిలబడి చేయాల్సిన పని అది.

పక్క తలుపు తెరుచుకుంది. రాజకుమారి వచ్చి, మొహం అటు తిప్పుకునే మెట్టు మీద కూర్చుంది. కాసేపటికి మెడ ఇటు తిరిగింది. ఇంకాసేపటికి ఫోనులోకి తొంగి చూసింది. లక్ష్మణమ్మ ఫోను ఆమె వైపు కొంచెం జరిపింది.

మూడో పేజీలో ఎర్రన్న కళ్లు జారాయి. ఒక లైను వదిలేసి కింది లైనులోకి పోయాడు. లక్ష్మణమ్మ వేలు ఆ లైను కిందే ఆగిపోయింది. నోరు తెరిచింది. రాజకుమారి కూడా ఆ లైను చూసింది, ఇప్పుడేమంటుందో అని ఆమె మొహంలోకి భయంగా చూసింది.

ఎర్రన్న ఆగాడు. "సరిగా సదువుతన్నానా?" అన్నాడు.

లక్ష్మణమ్మ వేలు కింది లైనుకు జరిపింది.

"ఊఁ, సరిగానే సదువుతన్నావు" అంది. "తరవాతేటైనాది?"